పనికిరాని పుస్తకాల ఏడాది

"నేను చదువుకుందామనుకుంటున్నా," అంది ఆమె భోజనాల దగ్గర.

మొగుడి చేతిలో గరిటె ఆగిపోయింది. అత్తగారి నోట్లో ముద్ద ఆగిపోయింది. ఆరేళ్ళ కూతురు మాత్రం ఏమీ ఆపలేదు. బల్ల కింద కాళ్ళూపుతూ వాళ్ళ నాన్న మోకాలి మీద తన్నుతూనే ఉంది.

"ఏ పరీక్షకి?" అన్నాడు మొగుడు.

"పరీక్షేం లేదు."

"ఉద్యోగానికా?"

"కాదు."

"మరి?"

"ఊరికే. నా ఇష్టానికి. ఒక్క సంవత్సరం."

అత్తగారు ముద్ద మింగింది. "ఊరికే చదవడమేంటే అమ్మాయ్? ఊరికే ఎవరన్నా బట్టలుతుకుతారా?"

విషయమేంటంటే, ఆ వారమే కూతురు పూర్తిరోజు బడికి మారింది. ఆరేళ్ళలో మొదటిసారి పొద్దున తొమ్మిదినుంచి మూడుదాకా ఇల్లు నిశ్శబ్దం. అత్తగారు ఉన్నారు కానీ ఆవిడకి పదింటికి టీవీ, పన్నెండింటికి కునుకు. మొదటిరోజు మన ఇల్లాలు ఒకే అలమర రెండుసార్లు సర్దింది. రెండోరోజు సర్దిన అలమర తనే చెడగొట్టి మళ్ళీ సర్దింది. మూడోరోజు బడికి ఏదో జిరాక్స్ కావాలని బయల్దేరి, ఆ షాపు మూసి ఉంటే, ఎండకి తాళలేక పక్కనున్న లైబ్రరీలోకి దూరింది.

అక్కడి లైబ్రేరియన్ మేడమ్ చేతిలో ఎప్పుడూ ఒక స్కేలు ఉంటుంది. మనిషి కూడా అచ్చం ఆ స్కేలులాగే ఉంటుంది. గృహిణి అనగానే ఆవిడ 'పిల్లల పోషణ', 'పొదుపుగా వంట', 'మరకలు వదిలించుట' అనే మూడు పుస్తకాలు తీసి కౌంటర్ మీద పెట్టింది.

"ఇవి వద్దండీ," అంది ఈమె. "ఇవన్నీ పనికొచ్చేవి."

"మరేం కావాలి?"

"పనికిరానివి ఇవ్వండి."

లైబ్రేరియన్ మేడమ్ కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆవిడని నవ్వించింది ఆ మాటొక్కటేనట. చిన్న నవ్వే, అయినా నవ్వేగా!

ఆ లైబ్రరీలో ఒక పద్ధతుంది. పుస్తకం ఇచ్చేముందు మేడమ్ ప్రతి కాగితమూ స్కేలుతో తిప్పి చూస్తుంది. 'పేజీలన్నీ సరిగా ఉన్నవి' అని రిజిస్టర్‌లో రాసి, తీసుకునేవాళ్ళ చేత దానికింద సంతకం పెట్టిస్తుంది. చిన్న కథల పుస్తకమైతే ఫర్వాలేదు. లావుపాటి నవలైతే మాత్రం వెనక లైన్లో నిలబడ్డవాడు ముసలివాడైపోతాడు.

అలా మొదలైంది ఏడాది.

మొగుడి సంగతి చెప్పాలి కదా. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చేతిలో స్క్రూడ్రైవరు, నోట్లో వెటకారం లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు. పెళ్ళైన ఎనిమిదేళ్ళలో చక్కెర డబ్బాలో ఉప్పు పోసింది పదకొండుసార్లు. భార్య కనిపెట్టింది పదకొండుసార్లు. ఆ టీ తాగింది మాత్రం ప్రతిసారీ అత్తగారే.

ఆమె అతన్ని మామూలుగా 'నువ్వు' అంటుంది. కోపమొస్తే 'మీరు' అంటుంది. ఒళ్ళు మండితే 'మెకానిక్ గారూ' అంటుంది. 'గారు' వినబడితే అతను చెప్పులు ఎక్కడున్నాయో చూసుకుంటాడు.

ఇక ఆమె చదువు. కుళాయికి ఆనించి చదివింది, కుక్కర్ కూత పెట్టేలోపు చదివింది, బడి గేటు దగ్గర నిలబడి చదివింది. గుర్తు కోసం పుస్తకంలో హెయిర్ పిన్నులు పెట్టేది. నెల తిరిగేసరికి తలలో పిన్నుల్లేవు, జుట్టంతా ముఖం మీదే. నచ్చని పుస్తకాన్ని యాభయ్యో పేజీలో మూసేసి, "పోరా!" అని దాని మొహాన అనేది. ఆ సుఖం ఆమె ఆరేళ్ళలో ఎరగదు. ఇంట్లో ఇంకెవర్నీ అలా మూసేయడం కుదరదాయె!

ఒకరోజు కూతురి టీచర్ పిలిపించింది. పక్కకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, "పాప క్లాసులో చెప్తోందండీ, అమ్మ బాత్రూంలో కూచుని ఏడుస్తుందని. ఇంట్లో అంతా బానే ఉందా?" అంది.

"ఇంట్లో బానే ఉందండీ," అంది ఈమె సిగ్గుపడుతూ. "పదిహేడో అధ్యాయంలోనే బాలేదు."

మెకానిక్ మొదట నవ్వాడు. తర్వాత దగ్గాడు. తర్వాత ఎదురుగా కూర్చుని స్పానర్ కింద పడేశాడు. దేనికీ ఆమె తల ఎత్తలేదు. ఒక సాయంత్రం పరీక్ష పెట్టాడు.

"ఇవాళ ఏడో అంతస్తునుంచి పడ్డా."

"ఊఁ."

"తల ఒకచోట, కాళ్ళొకచోట."

"ఊఁ. ఆ కాళ్ళు కడుక్కుని రా, వడ్డిస్తా."

అత్తగారు టీవీ సౌండ్ తగ్గించి మరీ నవ్వింది. "ఒరేయ్, నీ పెళ్ళాం నిన్ను యాభయ్యో పేజీలో మూసేసింది రా!"

ఆ రాత్రినుంచి అతను పుస్తకంలో పిన్నుని రోజుకో పది పేజీలు వెనక్కి పెట్టడం మొదలెట్టాడు. నాలుగురోజులు ఆమెకి తెలియలేదు. "ఈ రచయితకి మతిమరుపనుకుంటా, చెప్పిందే చెప్తున్నాడు," అని అత్తగారి దగ్గర వాపోయింది. తెలిసిన రోజున 'మెకానిక్ గారూ' అనే పిలుపు మూడో ఇంటిదాకా వినబడింది.

ఆరో నెలలో లైబ్రేరియన్ మేడమ్ స్టూలెక్కి, పై అరలోంచి ఒక పాత నవల దించింది. అట్ట మీద బొమ్మ లేదు. నాలుగువందల ఇరవై పేజీలు.

"ఇది అందరికీ ఇవ్వను," అంది, దుమ్ము తుడుస్తూ. "మీకిస్తున్నా."

ఈమెకి బడిలో ఎప్పుడూ బహుమతి రాలేదు. ఆరోజు వచ్చినట్టనిపించింది. నాలుగువందల ఇరవై పేజీలూ తిప్పి చూసేదాకా నిలబడి, ఆనందంగా సంతకం పెట్టింది.

తొమ్మిదిరోజులు చదివింది. కథేమో, స్టేషన్ పక్కన వాచీలు బాగుచేసే ఒకావిడ. వారం వారం వాచీ ఆగిందంటూ వచ్చే ఒక ఇంజన్ డ్రైవరు. ఇద్దరికీ మనసులో ఉంది. ఇద్దరూ నోరు విప్పరు. నాలుగువందల పన్నెండో పేజీలో డ్రైవరుకి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఐదింటికి ఆఖరి బండి. నాలుగున్నరకి అతను షాపు మెట్లెక్కాడు. మన ఇల్లాలు పేజీ తిప్పింది.

వెనక అట్ట.

లేచి నిలబడింది. పుస్తకం తిరగేసింది, దులిపింది, మంచం కింద చూసింది. ఎక్కడా లేదు. చివరి ఎనిమిది పేజీలు, అంటే నాలుగు కాగితాలు లేవు.

మర్నాడు పొద్దున్నే లైబ్రరీకి పరిగెత్తింది, ఫిర్యాదు చేయడానికి.

"మేడమ్, ఇందులో చివరి పేజీల్లేవండీ!"

లైబ్రేరియన్ మేడమ్ పుస్తకం అందుకుని, కుట్టు దగ్గర వేలితో తడిమింది. "బ్లేడుతో కోశారు. కొత్త కోత." రిజిస్టర్ తీసింది. తిప్పి ఈమె వైపు పెట్టింది. "ఈ సంతకం ఎవరిది?"

"నాదే. కానీ నేను…"

"పేజీలన్నీ సరిగా ఉన్నవి. కింద మీ సంతకం."

"నేనెందుకు కోస్తానండీ! ముగింపు తెలీక నాకు నిద్రే లేదు!"

"కార్డు ఇక్కడ పెట్టండి."

తిట్టలేదావిడ. తిట్టుంటే బాగుండేది. "అందరికీ ఇవ్వనని చెప్పి మరీ ఇచ్చాను," అంది అంతే. కార్డు తీసి సొరుగులో వేసింది. "ఇదే పుస్తకం, ఇదే ముద్రణ ఇంకో కాపీ తెచ్చి పెట్టండి. అప్పుడు చూద్దాం. ఇది ముద్రణ ఆగిపోయి చాలా ఏళ్ళైంది, అది కూడా చెప్పాలిగా."

సగం ఏడాది మిగిలుండగానే ఆమె ఏడాది అయిపోయింది.

ఇంటికొచ్చి విచారణ పెట్టింది. అత్తగారు ముందే చేతులెత్తేసింది. "నాకేం తెలీదే! కళ్ళజోడు లేకపోతే నా గోళ్ళు నేనే కోసుకోలేను, నీ పుస్తకం ఏం కోస్తాను?"

కూతురు బిస్కెట్ తింటూ, "నాన్న జేబులో పెట్టుకున్నాడుగా," అంది.

"ఏం పెట్టుకున్నాడే?"

"కాగితాలు. మొన్న. నాకు 'ష్' అన్నాడు. అందుకే ఎవ్వరికీ చెప్పలేదు."

మెకానిక్ సాయంత్రం ఈల వేసుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"రండి, మెకానిక్ గారూ."

ఈల ఆగిపోయింది. కళ్ళు చెప్పుల వైపు వెళ్ళాయి.

"కాగితాలెక్కడ?"

"ఏ కాగి… సరే. నేనే. తమాషాకి కోశా. నువ్వడగ్గానే ఇచ్చేద్దామనుకున్నా. యూనిఫామ్ షర్టు జేబులో ఉన్నాయి."

"ఏ షర్టు?"

ఇద్దరూ ఒకేసారి దండెం వైపు చూశారు. నిన్న ఆమె మిషన్‌లో వేసిన బట్టలన్నిటికీ తెల్లటి ముద్దలేవో అంటుకుని వచ్చాయి. జేబులో పేపర్ నాప్కిన్ మర్చిపోయాడనుకుని తిట్టుకుంటూ దులిపేసింది. మామూలుగా అయితే జేబులు వెతికే వేస్తుంది. నిన్న మాత్రం నాలుగువందల పదో పేజీలో ఉంది.

"నా ముగింపుని నేనే ఉతికేశానా!" అంది కుర్చీలో కూలబడుతూ. కాసేపటికి కోపం పక్కనుంచి ఆశ తల పైకెత్తింది. "నువ్వు చదివావా వాటిని?"

అతను ఒక్క క్షణం తటపటాయించాడు. "ఆఁ. చదివా."

"ఏమైంది? చెప్పాడా లేదా?"

"ఎవరు?"

"డ్రైవరు!"

"అదిగో, చూశావా! ఎవరు ఎవరో నాకే తెలీదు. తలా తోకా లేకుండా నాలుగు కాగితాలు చదివా. నువ్వు మొదట్నుంచీ కథంతా చెప్పు. అప్పుడు నేను చివరిది సరిగ్గా చెప్తా."

మామూలుగా అయితే ఆ మాటకి గరిటె ఎగిరేది. కానీ ముగింపు కావాలి. ఆకలితో ఉన్నదానికి పౌరుషం నిలుస్తుందా?

మర్నాడు అతను లైబ్రరీకి వెళ్ళి, కోసింది తనేనని ఒప్పుకున్నాడు. లైబ్రేరియన్ మేడమ్ స్కేలు బల్ల మీద నిటారుగా పెట్టి, "బ్లేడు మీదే కావచ్చు, సంతకం ఆవిడది. కాపీ తెండి," అంది. తోక ముడుచుకుని వచ్చేశాడు.

ఆ సాయంత్రంనుంచి కథ మొదలైంది. ఆమె గిన్నెలు తోముతూ చెప్పేది, అతను తుడుస్తూ వినేవాడు. ఎనిమిదేళ్ళలో అతను గిన్నెలు తుడిచింది అదే మొదలు. రెండోరోజు కూతురు వచ్చి గట్టు మీద కూర్చుంది. మూడోరోజు అత్తగారు, "నాకేం కథ కాదు, వంటింట్లో చల్లగా ఉంటుందని," అంటూ స్టూలు తెచ్చుకుంది. వంటింట్లో స్టవ్ వెలుగుతోంది!

మెకానిక్ ఊరికే వినలేదు. ప్రతిదానికీ అడ్డం పడ్డాడు.

"ఆగాగు. ఆ వాచీకి నిజంగా రిపేరుందా?"

"లేదు. వచ్చే ముందు తనే ముల్లు వంచుకొస్తాడు."

"అబ్బో! తెలివైనవాడే."

"వెధవ."

"ఆవిడకి తెలుసా, వాడే వంచుతున్నాడని?"

"తెలుసు. తెలిసే సరిచేసి ఇస్తుంది."

"మరి అడగదేం?"

"అడిగితే మళ్ళీ రాడేమోనని."

అతను గిన్నె తుడవడం ఆపేశాడు. "పని చేస్తున్నప్పుడు ఆవిడ వాడి వైపు చూస్తుందా?"

"ఎలా చూస్తుంది? కంటికి భూతద్దం పెట్టుకుని ఉంటుంది. వాచీ చేతికిచ్చేటప్పుడు చూస్తుంది, అంతే."

"ఎంతసేపు?"

"అది కూడా నీకు కొలత కావాలా?" అని ఆమె సబ్బు నురగ అతని ముక్కుకి పూసింది.

పదకొండు సాయంత్రాలు నడిచింది కథ. పదకొండోరోజు గిన్నెలు అయిపోయాయి, కథా అయిపోయింది. ముగ్గురూ అతని వైపు తిరిగి కూర్చున్నారు.

"ఇంక కానీ," అంది ఆమె.

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ సవరించుకున్నాడు.

"ఒరేయ్, నువ్వేమన్నా పెళ్ళిచూపుల్లో ఉన్నావా? చెప్పు!" అంది అత్తగారు.

"డ్రైవరు లోపలికొచ్చాడు. ఆవిడ తలెత్తకుండానే 'ఈసారేం పాడైంది?' అంది. వాడు చేతిలో వాచీ లేకుండా నిలబడ్డాడు. 'ఏమీ పాడవలేదు. ఎప్పుడూ ఏమీ పాడవలేదు. నేనే పాడుచేసుకొస్తున్నా,' అన్నాడు."

"తర్వాత?"

"'నువ్వు పనిలో పడితే నేనున్నానని కూడా గుర్తుండదు,' అన్నాడు. 'అది తప్పని కాదు. పనిలో ఉన్నప్పుడే నువ్వు చాలా బాగుంటావు. ఎవరో దీపం పెట్టినట్టుంటుంది నీ మొహం. కానీ ఆ వెలుతురు ఒక్కసారి నా మీద కూడా పడాలనిపిస్తుంది. నాకు వేరే ఏ పద్ధతీ తెలీదు. నాకొచ్చింది విప్పడం, పాడుచేయడం, బిగించడం. అందుకే పాడుచేశాను,' అన్నాడు."

అత్తగారు స్టూలు ముందుకి జరుపుకుంది.

"ఆవిడేమంది?" కూతురు గుసగుసగా అడిగింది.

"ఏమీ అనలేదు. భూతద్దం తీసి పక్కన పెట్టింది. ఆ రోజు బండి ఆలస్యంగా బయల్దేరింది. అంతే."

అత్తగారు ముక్కు చీదుకుంది. ఆమె తడిచేతులతోనే కళ్ళు తుడుచుకుని కంట్లో సబ్బు పెట్టుకుంది.

"ఎంత బాగా రాశాడు!" అంది మంటకి ఎగిరెగిరి పడుతూ. "ఎంత బాగా రాశాడు ఆ మహానుభావుడు!"

"ఏదో… రాశాడులే," అన్నాడు మెకానిక్. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఏదో రాశాడా? నీలాంటి మొద్దుకి ఆ మాటలు ఈ జన్మకి వస్తాయా?"

"రావు," అన్నాడతను బుద్ధిగా. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచాడు.

తర్వాత మూడునెలలు ఆమెకి గడ్డుకాలం. చదవడానికేమీ లేక మందు సీసాల మీద రాతలు చదివింది, పొట్లాల కాగితాలు చదివింది. చివరికి మొగుడి లిఫ్ట్ మాన్యువల్ పట్టుకుంది. "మూడో అధ్యాయంలో బ్రేకులు బాగున్నాయి, నాలుగోదే కొంచెం సాగదీశాడు," అంది. నవ్వుతూనే అంది కానీ, లైబ్రరీ వీధి వచ్చినప్పుడల్లా చుట్టూ తిరిగి వేరే దారిన పోయేది. అది మెకానిక్ చూశాడు.

అతను లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళిన ప్రతి బిల్డింగులో, ప్రతి తలుపూ తట్టాడు. "లిఫ్టు ఆగుతోందా సరిగ్గా? తలుపులు పడుతున్నాయా? మీ ఇంట్లో ఈ పుస్తకం ఉందా?" జనం మొదటి రెండిటికీ జవాబు చెప్పి, మూడోదానికి తలుపేసేవాళ్ళు. మూడునెలలకి, ఎనిమిదో అంతస్తులో ఒక రిటైరైన పళ్ళ డాక్టరు లోపలికి పిలిచి, అటక మీదనుంచి తీసి ఇచ్చాడు.

ఆరోజు పొద్దున్న ఆమె చేతిలో ఒక పొట్లం పెట్టాడు. న్యూస్‌పేపర్ చుట్టి, దాని మీద కరెంటు టేపు పదహారు చుట్లు వేసి ఉంది.

"అదే పుస్తకం. అదే ముద్రణ. తిన్నగా తీసుకెళ్ళి మేడమ్‌కి ఇచ్చేయ్."

ఆమె ఎగిరి గంతేసింది. "దొరికిందా! ఇంత టేపెందుకు?"

"తడవకుండా."

"ఎండ కాస్తోంది."

"వానొస్తుంది. తెరవకు. పాతది, ఊడిపోతుంది. తెరవనని ఒట్టెయ్."

"సరే, వెళ్ళు," అంది. ఒట్టు మాత్రం వేయలేదు.

అతను వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర వెనక్కి చూశాడు. చక్కెర డబ్బాలో ఉప్పు పోసిన రోజుల్లో కూడా అతని మొహం అలా ఉండేది కాదు. ఏదో భయం.

బస్టాపులో కూర్చోగానే నిజంగానే వానొచ్చింది. బస్సు రాలేదు. పొట్లం ఒళ్ళో ఉంది. ఒక్క చుట్టు విప్పుదామనుకుంది. కరెంటు టేపు సంగతి తెలుసుగా, ఒక చుట్టు విప్పితే మిగతా పదిహేనూ వెనకే వస్తాయి.

ఆ మాటలు తన కళ్ళతో ఒక్కసారి చదివి మూసేద్దామని నాలుగువందల పదమూడో పేజీ తెరిచింది.

డ్రైవరు మెట్లెక్కాడు. కానీ షాపులోకి రాలేదు. వాచీని గుమ్మంలో ఉన్న గుమాస్తాకిచ్చి పంపాడు. ఆవిడ తెరిచి చూసింది. ఏ లోపమూ లేదు. ముల్లు కూడా వంచలేదు. కీ ఇచ్చి తిప్పి పంపింది. అతను చేతికి పెట్టుకుని బండెక్కాడు. బండి సరిగ్గా ఐదింటికి బయల్దేరింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. సమాప్తం.

ఆమె మళ్ళీ వెనక్కి తిప్పింది. కాగితాలు అంటుకున్నాయేమోనని గోటితో గీకి చూసింది. 'నేనే పాడుచేసుకొస్తున్నా' లేదు. దీపం పెట్టినట్టు మొహం లేదు. 'విప్పడం, పాడుచేయడం, బిగించడం' ఎక్కడా లేదు.

బస్సు వచ్చింది. బస్సు వెళ్ళింది. ఆమె లేవలేదు.

విప్పడం, పాడుచేయడం, బిగించడం అని ఏ ఇంజన్ డ్రైవరంటాడు? బండి నడిపేవాడికి బిగించే పనెందుకు?

"ఓరి నీ మొహం మండా!" అంది పైకే. పక్కన నిలబడ్డ పెద్దాయన తననే అనుకుని గొడుగు తీసుకుని అవతలికి జరిగాడు.

మెకానిక్ ఆరోజు తొమ్మిదంతస్తుల ఆఫీసు బిల్డింగులో ఉన్నాడు. ఆమె పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని, తాను తడుస్తూ అక్కడికి నడిచింది. కింద 'లిఫ్టు మరమ్మతులో ఉన్నది' అని బోర్డు. నాలుగు మెట్ల వరసలెక్కింది. నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపులు జానెడు తెరిచి, మధ్యలో చెక్క అడ్డం పెట్టి ఉంది. పక్కన ఫైళ్ళ కట్టతో ఒక గుమాస్తా, మోకాళ్ళు పట్టుకుని ఒక పెద్దావిడ ఎదురుచూస్తున్నారు.

ఆమె వంగి సందులోంచి చూసింది. లోపల లిఫ్టు పెట్టె కొంచెం కింద ఆగి ఉంది. దాని కప్పు మీద, గ్రీజు మొహంతో, నెత్తిన లైటున్న హెల్మెట్‌తో కూర్చున్న మొగుడు.

"మెకానిక్ గారూ."

స్పానర్ జారి టంగుమంది. చుట్టూ చూశాడు. పాపం, అక్కడ చెప్పులేసుకుని పారిపోయే దారి లేదు.

"తెరిచావా?"

"తెరిచా."

"ఎంతదాకా?"

"సమాప్తం దాకా."

అతను తల దించుకున్నాడు. "బాగుందా?"

"చాలా బాగుంది. ఒక్కడూ నోరు విప్పలేదు." ఆమె ఇంకొంచెం వంగింది. "ఆ కాగితాలు నువ్వు చదవనేలేదు కదూ?"

"ఒక్క ముక్క కూడా చదవలేదు. జేబులో పెట్టుకుని తిరిగా. ఎప్పుడు తలెత్తి 'ఏవీ?' అంటావా అని. నువ్వనేలోపు ఉతికేశావు."

"మరి పదకొండు రోజులు నాచేత కథంతా ఎందుకు చెప్పించావ్?"

"కథ తెలీకుండా అబద్ధమెలా చెప్పేది? అబద్ధమైనా కొలతకి సరిపోవాలిగా!"

"అయితే అదంతా అబద్ధమేనా?"

నెత్తి మీద లైటు ఆమె మొహం మీద పడుతోంది. అతను దాన్ని ఆపేశాడు.

"డ్రైవరు చెప్పాడన్నది అబద్ధం," అన్నాడు మెల్లిగా. "మాటలు అబద్ధం కాదు."

పెద్దావిడ మోకాళ్ళ మీంచి చేతులు తీసేసింది. గుమాస్తా ఫైళ్ళు కింద పెట్టాడు.

"ఇన్నాళ్ళూ మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు రచయితని పొగుడుతున్నావుగా. 'ఎంత బాగా రాశాడు, ఎంత బాగా రాశాడు' అని వారం రోజులు. జీవితంలో మొదటిసారి నన్నెవరో పొగుడుతుంటే మధ్యలో అడ్డం పడాలా?"

ఆమెకి నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఏది ముందు బయటికి పోవాలో తెలీక రెండూ గొంతులో కొట్టుకున్నాయి. "టేపు పదహారు చుట్లు వేశావు. అయినా పుస్తకం ఇచ్చావు. దాచేస్తే నాకు తెలిసేదే కాదుగా."

"దాచేద్దామనే అనుకున్నా, ఒక పూట. నువ్వు మందు సీసా చదువుతూ నవ్వుకుంటున్నావు. అది చూడలేకపోయా."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది.

"చూడూ. నేను చదవడం మానను."

"మానమన్నదెవరు?"

"ఈ ఏడాది అయ్యాక కూడా మానను."

"మానొద్దు తల్లీ! మధ్యలో ఒక్కసారి తలెత్తు చాలు. పేజీ తిప్పినప్పుడల్లా."

"పేజీకా? అధ్యాయానికోసారి."

"అధ్యాయానికా! నలభై పేజీలుంటాయి ఒక్కోటి. పది పేజీలకి."

"ఇరవై. ఊరికే కాదు, కథ కూడా చెప్తా. నువ్వు గిన్నెలు తుడవాలి."

"పదిహేను, రోజూ గిన్నెలు."

"పదిహేనుకి ఒప్పేసుకోమ్మా," అంది పెద్దావిడ. "నేను ఏడో అంతస్తుకెళ్ళాలి."

ఆమె సందులోంచి చెయ్యి చాపి, అతని చెంప మీది గ్రీజు మరక తుడవబోయి ఇంకా పెద్దది చేసింది. ముద్దు పెడదామని వంగితే హెల్మెట్ నుదుటికి కొట్టుకుంది. "అబ్బా!" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. గుమాస్తా చప్పట్లు కొట్టి, తర్వాత ఎందుకు కొట్టానా అని ఫైళ్ళ వెనక దాక్కున్నాడు.

లైబ్రరీ మూసే వేళకి ఇద్దరూ తడిసి ముద్దై కౌంటర్ ముందు నిలబడ్డారు. పుస్తకం మాత్రం పొడిగా ఉంది. లైబ్రేరియన్ మేడమ్ స్కేలు తీసుకుంది. నాలుగువందల ఇరవై పేజీలూ తిప్పింది. వీళ్ళ బట్టల్లోంచి కారే నీళ్ళు నేల మీద మడుగు కట్టేదాకా తిప్పింది. చివరి పేజీ దగ్గర కాస్త ఆగింది. సొరుగు తెరిచి, కార్డు తీసి, ఈమె వైపు తోసింది.

"వచ్చే వారంనుంచి రండి. బ్లేడు సార్‌ని బయటే నిలబెట్టండి." తర్వాత, ఇరవై రెండేళ్ళలో రెండోసారి, ఆవిడ మొహం మెత్తబడింది. "చదివారా ముగింపు? ఎలా ఉంది? ఒక్క మాట లేకుండా ఎంత గొప్పగా ముగించాడో చూశారా?"

"గొప్పగానే ఉందండీ," అంది ఆమె. పక్కన మొగుడు నేల వైపు చూస్తున్నాడు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఆమె కార్డు గుండెలకి హత్తుకుని, అతని గ్రీజు చెయ్యి పట్టుకుంది. "మా ఇంట్లో ఇంకో ముగింపుందండీ. కానీ అది బయటికివ్వరు. అక్కడే కూర్చుని చదువుకోవాలి."